గిరాకీ అనుకున్నది ప్రేమ

ఆరాధన అయ్యాక మన సంఘాల్లో గృహిణులు, యవ్వనస్థులు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు: "ఇంట్లో చేసింది ఏదైనా ఆన్‌లైన్‌లో అమ్మితే ఎలా ఉంటుందండీ?" మేము అమ్మి చూశాం. మా ఇంటావిడ పెట్టే ఆవకాయ. ఎక్కడెక్కడ తప్పామో చెబితే ఒకరిద్దరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి నెలలో 40 సీసాలు పోయాయి. కొన్నవారిలో ముప్పైమందికి పైగా మన సంఘంవారే. మా మీద ప్రేమతో కొన్నారు. దాన్ని మేము గిరాకీ అనుకున్నాం. ఆ ధైర్యంతోనే ఇంటావిడ గాజులు బ్యాంకులో పెట్టి, రూ.25,000 పోసి వెబ్‌సైట్ చేయించాం. మిగతాది ప్రకటనలకు పోయింది. రెండో నెల వచ్చిన ఆర్డర్లు తొమ్మిది, అవీ వాట్సాప్‌లోనే. ఒక ఆదివారం ఓ సహోదరి మమ్మల్ని చూసి పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయింది, మళ్లీ కొనమంటామేమోనని. డబ్బు పోయినదానికంటే అది ఎక్కువ బాధించింది.

ఇక లెక్క. కిలో సీసా రూ.600కు పెట్టాం. కాయ, నూనె, కారం, ఆవపిండి, సీసా కలిపి రూ.330 అయ్యేది. రూ.270 మిగులుతుందని మురిసిపోయి, డెలివరీ ఉచితమని మేమే ప్రకటించాం. కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరని అప్పటికి తెలియదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తారు. ఆ అంకె, అసలు తూకం, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. సీసా పగలకూడదని మేము వాడిన పెట్టె 30, 20, 20 సెంటీమీటర్లు. అంటే 2.4 కిలోలు. కొరియర్‌కు రూ.170, అట్టపెట్టెకు, చుట్టే కవర్‌కు, టేపుకు రూ.35. మిగిలింది రూ.65. ఇందులో ఇంటావిడ కష్టానికి కూలి లేదు. గోపురం ఉపమానం మీద సండే స్కూల్లో ఏటా పాఠం చెప్పేవాణ్ణి నేనే!

క్యాష్ ఆన్ డెలివరీ ఇంకో దెబ్బ. తీసుకోకుండా తిప్పిపంపితే రానుపోను ఛార్జీ, ప్యాకింగ్ కలిపి రూ.375. దాదాపు ఆరు సీసాల లాభం ఒక్క పార్శిల్‌తో పోయేది. పైగా మూతలోంచి నూనె కారి, ఆ సీసా ఎవరికీ ఇవ్వడానికి పనికిరాదు.

పెళ్లికి 20 కిలోలు కావాలని ఫోన్ చేసినాయన, డబ్బు పంపుతానంటూ క్యూఆర్ కోడ్ పంపాడు. స్కాన్ చేసి పిన్ కొట్టాను, రూ.8,000 పోయాయి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. ఇలా జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. నేను మరునాడు చేశాను.

సరిగ్గా చేసిన పని ఒకటుంది. అమ్మడానికి ముందే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకున్నాం. ఇంట్లో చేసి అమ్మే ఆహారానికీ అది తప్పనిసరి.

ఇప్పుడు వేసవి రెండు నెలలే అమ్ముతున్నాం. సీసా మానేసి పౌచ్‌లు, చిన్న పెట్టె. డబ్బు ముందే, కొరియర్ ఛార్జీ విడిగా. సంఘంలో ఎవరినీ అడగం. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, మొన్న వడ్డీ కట్టి తిరగరాయించాం.