అవసానదశలో వినిపించదగిన సంగీతము

నయము కాని జబ్బుతో మంచాన పడిన పెద్దల కోసం పిల్లలు, మనుమలు కలిసి ఒక చిన్న వీడియో తయారుచేయడము నేడు మన ఇండ్లలో కూడ చూస్తున్నాము. పెట్టె అడుగున ఉన్న పాత ఫొటోలు వెదకి తీస్తారు. పెండ్లినాటివి, గృహప్రవేశమునాటివి వరుసగా పేరుస్తారు. దూరదేశములో ఉన్న కొడుకు నాలుగు మాటలు మాట్లాడి పంపుతాడు. ఇంతవరకు పని సాఫీగానే సాగుతుంది. చిక్కు వచ్చేది సంగీతము దగ్గర. వెనుక ఏ పాట పెట్టాలన్న ప్రశ్నకు ఇంట్లో ఎందరుంటే అన్ని సమాధానాలు వస్తాయి. ఇది కేవలము అభిరుచికి సంబంధించిన విషయమని అనుకొంటాము. కాని చెవిని గురించి, జ్ఞాపకాన్ని గురించి శాస్త్రజ్ఞులు తెలుసుకొన్న సంగతులు కొన్ని ఇక్కడ ఎంతో ఉపకరిస్తాయి.

ముందుగా ఒక విషయము తేల్చుకోవాలి. ఆ వీడియో ఎవరి కోసం? సంస్మరణ సభలో చూపేదైతే అది మిగిలిన వారి కోసం. అందులో వారి దుఃఖానికి తగిన సంగీతము ఉండవచ్చును. మనిషి బ్రతికి ఉండగా చూపేదైతే అది ఆ మనిషి కోసం. అప్పుడు ప్రమాణము తయారుచేసేవారి చెవి కాదు. మంచముపై ఉన్న వారి చెవి, వారి జ్ఞాపకము. ఈ తేడాను మరచిపోవడము వల్లనే పొరపాట్లన్నీ వస్తాయి.

ఏనాటి పాట?

వయస్సు మళ్లిన వారిని తమ జీవితములోని సంఘటనలను గుర్తు చేసుకొమ్మని అడిగితే, పది సంవత్సరాల వయస్సుకు, ముప్పది సంవత్సరాల వయస్సుకు మధ్య జరిగినవి ఎక్కువగా చెబుతారు. మనస్తత్వశాస్త్రములో ఇది అనేక పర్యాయాలు పరీక్షింపబడిన విషయము. ఆ వయస్సులో చాల సంగతులు మొదటిసారిగా జరుగుతాయి. మొదటి ఉద్యోగము, పెండ్లి, మొదటి బిడ్డ ఆ కాలానివే. పాటల విషయములో కూడ ఇదే తీరు కనబడుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. 1944లో పుట్టిన ఒక అమ్మమ్మ ఉన్నదనుకొందాము. ఆమె జ్ఞాపకములో లోతుగా నాటుకొన్న పాటలు చాలవరకు 1954కు, 1974కు మధ్య విన్నవై ఉంటాయి. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948లో మొదలైనది. వివిధభారతి ప్రసారాలు 1957లో ఆరంభమైనవి. 'మిస్సమ్మ' 1955లోను, 'మాయాబజార్' 1957లోను వచ్చినవి. ఆమె వయస్సుకు ఈ సంవత్సరాలను జోడించి చూస్తే వెదకవలసిన చోటు తెలిసిపోతుంది. ఇంట్లో రేడియో లేని ఊరిలో పెరిగి ఉంటే సినిమా పాటలకు బదులు నాట్ల పాటలు, పెండ్లి పాటలు, మంగళహారతులు, హరికథలు ఆ స్థానములో ఉంటాయి. వీటికి రికార్డులు దొరకకపోవచ్చును. అప్పుడు వాటిని ఎరిగిన చెల్లెలో, ఆడపడుచో పాడితే ఫోనులో పట్టి పెట్టుకోవచ్చును. స్వరము కొంత తప్పినా నష్టము లేదు.

వీడియో తయారుచేసేది సాధారణముగా కొడుకులు, కూతుళ్లు. వారికి ప్రియమైన పాటలు ఇరువది, ముప్పది ఏండ్ల తరువాతివి. వారికి గుండె బరువెక్కించే పాట అమ్మమ్మకు ఏమీ కాకపోవచ్చును. అయితే 2013లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో ఒక విశేషము బయటపడినది. కాలేజీ విద్యార్థులకు తమ కాలపు పాటలతోపాటు తమ తల్లిదండ్రుల యౌవనకాలపు పాటలతో కూడ జ్ఞాపకాలు ముడిపడి ఉన్నవి. ఇంట్లో మ్రోగిన పాట ఒక తరముతో ఆగిపోదన్న మాట. కాబట్టి పెద్దల కాలపు పాటను ఎన్నుకొంటే పిల్లలు కోల్పోయేదేమీ ఉండదు.

మెదడులో పాట

పాట వినగానే మెదడులో వినికిడికి సంబంధించిన భాగము ఒక్కటే పని చేయదు. భావోద్రేకాలకు, జ్ఞాపకాలకు, కదలికకు సంబంధించిన భాగాలు కూడ మేల్కొంటాయి. మనకు మిక్కిలి ఇష్టమైన సంగీతము వింటున్నప్పుడు మెదడులో డోపమీన్ అనే రసాయనము విడుదల అవుతుందని కెనడాలోని మాంట్రియల్ నగరములో పని చేసిన శాస్త్రజ్ఞులు 2011లో చూపారు. విశేషమేమనగా, ఇష్టమైన ఘట్టము రాబోతున్నదని ఎదురు చూచేటప్పుడే ఈ విడుదల మొదలవుతుంది. ఎదురు చూడాలంటే పాట ముందే తెలిసి ఉండాలి. అందువల్ల ఎంత గొప్పదైనా కొత్త సంగీతము కంటె తెలిసిన పాటయే ఇక్కడ మేలు.

మతిమరపు వ్యాధి కలవారికి ఇది మరింతగా వర్తిస్తుంది. చిరకాలముగా తెలిసిన పాటలను గుర్తించే మెదడు భాగాలు ఆల్జీమర్స్ వ్యాధిలో ఇతర భాగాల కంటె తక్కువగా క్షీణిస్తాయని 2015లో జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కొడుకు పేరు మరచిన తండ్రి పాత పాట పల్లవి అందుకొంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

విషాదగీతము తగునా?

ఒక ధ్వని ఒక సందర్భముతో పలుమార్లు కలిసి వినబడితే, తరువాత ఆ ధ్వని ఒక్కటే ఆ సందర్భాన్ని మనస్సుకు తెస్తుంది. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. మన తెలుగుదేశములో ఘంటసాల వేంకటేశ్వరరావు గారు గానము చేసిన భగవద్గీత ఎందరికో ప్రాణప్రదమైనది. కాని చావు జరిగిన ఇండ్లలోను, శవవాహనాల మీదను దానిని వినిపించడము ఆనవాయితీ అయిపోయినది. వీధిలో ఆ కంఠము వినబడగానే "ఎవరు పోయారో!" అనుకొంటాము. ప్రాణముతో ఉన్న రోగి గదిలో అదే వినిపిస్తే ఆ మనిషికి ఏమి తోచునో ఊహించవచ్చును. రోగి తానుగా కోరితే సందేహము లేదు; తప్పక వినిపించాలి. కోరనప్పుడు అది భక్తిసంగీతమే కదా అని మనము నిర్ణయించరాదు.

వృద్ధుల చెవి

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొన్న కర్ణావర్తము అనే భాగము ఉన్నది. అందులో సుమారు 15,000 సూక్ష్మమైన కేశకణాలు ధ్వనికంపనాలను నాడీస్పందనలుగా మారుస్తాయి. నశించిన కేశకణాలు మనుష్యులలో మరల పుట్టవు. వయస్సుతో ముందుగా దెబ్బతినేవి కర్ణావర్తము మొదటి చుట్టులోనివి. హెచ్చు స్థాయి ధ్వనులను గ్రహించేవి ఇవే. స, శ, ఫ వంటి హల్లుల శబ్దము ఈ హెచ్చు స్థాయిలోనే ఉంటుంది. అందుచేతనే "మాట వినబడుతున్నది గాని ఏమన్నావో తెలియడము లేదు" అని పెద్దలు అంటూ ఉంటారు.

దీనినిబట్టి కొన్ని సూత్రాలు ఏర్పడతాయి. మనుమరాలు మాట్లాడుతుండగా వెనుక పాట మ్రోగరాదు. రెండు కంఠాలు కలిసిపోయి ఒక్కటీ అర్థము కాదు. మాటల వెనుక ఏదో ఉండవలెననుకొంటే వీణ, వేణువు వంటి వాద్యము చాలును. అదికూడ మాట కంటె 20 డెసిబెల్లు తక్కువగా ఉండాలి. అనగా చెవికి సుమారు నాలుగవ వంతుగా తోచాలి. అంతకంటె మంచి పద్ధతి, మాటను మాటగా, పాటను పాటగా వేరువేరుగా వినిపించడము. వినబడడము లేదని ధ్వనిని మితిమీరి పెంచరాదు. దెబ్బతిన్న చెవికి మెల్లని ధ్వని వినబడదు. కాని కాస్త పెంచగానే అది భరింపరానంత అవుతుంది. ఫోనులోని చిన్న స్పీకరు మృదంగము వంటి మంద్రధ్వనులను సరిగా పలికించలేదు గాన, ఒక మంచి స్పీకరును దగ్గరగా పెట్టి మోస్తరుగా వినిపించడము మేలు.

లయ, విరామము

సంగీతపు లయ వేగము హెచ్చిన కొద్దీ శ్వాస, గుండె వేగము, రక్తపు పోటు పెరుగుతాయని ఇటలీలో జరిగిన ఒక పరిశోధన 2006లో తెలిపినది. సంగీతము మధ్య రెండు నిమిషాల నిశ్శబ్దము వచ్చినపుడు అవి మొదటి స్థాయి కంటె కూడ తగ్గినవి. అది ఆరోగ్యవంతుల మీద చేసిన పరిశోధన. అయినను ఆయాసపడుతున్న రోగికి నెమ్మది లయ తగినదని, పాటకు పాటకు మధ్య కొంత ఖాళీ ఉంచడము మంచిదని అనుకొనుటకు అది ఆధారము. నీరసించిన మనిషి ఎక్కువసేపు శ్రద్ధ పట్టలేడు. పాత గ్రామఫోను రికార్డుకు ఒక ప్రక్కన పట్టేది మూడు నిమిషాల పాట. అటువంటివి రెండు, మధ్య కొన్ని మాటలు, అంతే చాలును. మిగిలినది మరునాడు చూపవచ్చును.

మాట పడిపోయిన తరువాత

వీడియో పూర్తి అయ్యేసరికి రోగి స్పృహ తప్పి ఉండవచ్చును. అప్పుడు వినిపించడము వ్యర్థమా? కెనడాలోని వాంకూవర్ నగరములో అవసానదశలోని రోగుల తలలపై ఎలక్ట్రోడులు అమర్చి, ధ్వనులు వినిపించి, మెదడులోని విద్యుత్ స్పందనలను కొలిచారు. 2020లో ప్రచురింపబడిన ఆ ఫలితాల ప్రకారము, ఏ పిలుపుకు పలుకని స్థితిలో కూడ కొందరి మెదళ్లు ధ్వనుల మార్పుకు ఆరోగ్యవంతుల మెదళ్లవలెనే స్పందించినవి. వారు విన్నది గ్రహించారని దీనివల్ల రుజువు కాలేదు. చెవి నుండి మెదడుకు దారి తెరచి ఉండవచ్చునని మాత్రమే తెలిసినది. ఆ గదిలో ఆస్తి తగాదాలు మాట్లాడరాదనుటకు, పాట వినిపించవచ్చుననుటకు ఇది చాలును.

అయినను, మాట ఉన్నప్పుడే అడగడము అన్నిటి కంటె మేలు. "నీ చిన్నప్పుడు ఏ పాటలు పాడేవారు అమ్మమ్మా?" అని అడగండి. చావు మాట ఎత్తనవసరము లేదు. రెండు మూడు పాటలు కొంచెము కొంచెముగా వినిపించి ముఖము చూడండి. వ్రేళ్లు తాళము వేసినా, పెదవులు కదలినా ఆ పాటను గుర్తు పెట్టుకోండి. కన్నీరు వచ్చినంత మాత్రాన తప్పు జరిగినదనుకోనక్కరలేదు. ఆపమంటారా, సాగించమంటారా అని వారినే అడగండి. చేయి అడ్డముగా ఊపితే వెంటనే ఆపివేసి, ప్రక్కన కూర్చోండి.