ఐదుగురి లెక్క, యాభై మంది జట్టు

ఆన్‌లైన్ చదరంగంలో ఒక జట్టు గెలిచిందంటే ఎక్కువ ఆటలు గెలిచిందనే అనుకుంటాం. లిచెస్ సైట్‌లో ‘అరీనా’ పద్ధతిలో జరిగే జట్ల పోటీలకు ఈ ఊహ పనికిరాదు. అక్కడ గడువు గంటో రెండు గంటలో ఉంటుంది. ఒక ఆట ముగియగానే ఇంకో ప్రత్యర్థి వస్తాడు, సొంత జట్టువాడు మాత్రం ఎదురుపడడు. గెలుపుకు 2, డ్రాకు 1, ఓటమికి సున్నా. వరుసగా రెండు ఆటలు గెలిస్తే పేరు పక్కన మంట గుర్తు పడుతుంది. ఆ తర్వాత గెలుపు ఆగేదాకా పాయింట్లు రెట్టింపు. ఎనిమిది ఆటల్లో నాలుగు గెలిచి, నాలుగు ఓడినవాళ్ళు ఇద్దరున్నారనుకోండి. ఒకటి గెలుస్తూ ఒకటి ఓడుతూ వచ్చినవాడికి 8 పాయింట్లు వస్తాయి. ముందు నాలుగూ వరసగా గెలిచి తర్వాత చతికిలపడ్డవాడికి 2, 2, 4, 4 కలిపి 12. ఆట మొదట్లో ‘బెర్సర్క్’ నొక్కి తన గడియారంలో సగం వదులుకుని, కనీసం ఏడెత్తులు ఆడి గెలిస్తే ఇంకో పాయింటు అదనం. అంటే ఈ లెక్క ఆటగాడి బలంతో పాటు వేగానికీ తెగువకీ మార్కులు వేస్తోంది. వినోదానికి పెట్టిన పోటీ కాబట్టి దాన్ని తప్పుపట్టలేం.

చిక్కంతా జట్టు స్కోరు దగ్గర వస్తుంది. అందరి పాయింట్లూ కూడరు. జట్టుకి ఎంతమంది పాయింట్లు కలపాలో నిర్వాహకుడు ముందే ఒక సంఖ్య పెడతాడు, 5 అనుకుందాం. ఎక్కువ పాయింట్లు తెచ్చిన ఐదుగురివే లెక్కకొస్తాయి. చిన్న జట్లకు అన్యాయం జరగకూడదనే కదా ఈ ఏర్పాటు అంటారు చాలామంది. అందరివీ కలిపేస్తే జనం ఎక్కువున్న జట్టే గెలుస్తుంది కాబట్టి వాళ్ళ మాటలో నిజముంది, కానీ సగమే. పలాస నుంచి ఆరుగురు, హైదరాబాద్ నుంచి యాభై మంది ఒకే పోటీలో దిగారనుకోండి. రెండుచోట్లా సగటు బలం సమానమే అయినా, యాభై మందిలో ఆ రోజు చెయ్యి తిరిగిన ఐదుగురు దొరకడం తేలిక. ఆరుగురిలో ఇద్దరు తడబడితే దాచుకోవడానికి చోటుండదు. మంట గుర్తు లెక్క ఈ తేడాని ఇంకా పెంచుతుంది, ఎందుకంటే అదృష్టం కలిసొచ్చి వరుస గెలుపులు కొట్టేవాడు పెద్ద గుంపులోనే ఎక్కువగా తేలతాడు.

దీనికి విరుగుడు బోర్డుకి బోర్డు పద్ధతి. చెస్ డాట్ కామ్‌లో జట్ల మ్యాచ్ ఇలాగే నడుస్తుంది. రేటింగు వరసలో ఇటొకరిని, అటొకరిని కూర్చోబెడతారు. తెల్లపావులతో ఒకటి, నల్లపావులతో ఒకటి, ఒక్కొక్కరికి రెండాటలు. గెలుపుకు 1, డ్రాకు అర. పది బోర్డులుంటే మొత్తం 20 పాయింట్లు, 10.5 తెచ్చుకున్న జట్టుది గెలుపు. పలాస ఆరుగురికి ఎదురుగా హైదరాబాదీలు ఆరుగురే ఉంటారు.

అయితే కరెంటో నెట్టో పోతే ఆ బోర్డు గతేమిటి? ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. 2020 ఆన్‌లైన్ ఒలింపియాడ్‌లో ఒక్కో జట్టుకు ఆరు బోర్డులు. మన తెలుగువాళ్ళు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ భారత జట్టులో ఉన్నారు. సెమీఫైనల్లో పోలెండ్‌తో చెరొక మ్యాచ్ గెలిచాక, మోనికా సోచ్కోతో జరిగిన చివరి నిర్ణాయక ఆటను హంపి గెలిచి జట్టుని ఫైనల్ చేర్చింది. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. మొదటి మ్యాచ్ 3-3. రెండో దానిలో నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌ల కనెక్షన్ తెగి టైము అయిపోయింది. ఆరింట్లో రెండు బోర్డులు పోతే ఇక మిగిలేదేముంది! రష్యా గెలిచిందని ముందు ప్రకటించారు, భారత్ అప్పీలు చేశాక అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) అధ్యక్షుడు రెండు జట్లకీ స్వర్ణం ఇచ్చారు. లిచెస్ లెక్కలో ఇలా ఒకరు తెగిపోతే ఆరో మనిషి పాయింట్లు ఆ ఖాళీలో చేరతాయి, ఆ మేలు ఒప్పుకోవాల్సిందే. ఆరో మనిషి ఉంటేనే అనుకోండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అంతటి విపత్తుకి ఏ లెక్కా నిలవదు కానీ, మామూలు గాలివానకి పోయే కరెంటుకి మార్గముంది. ఎత్తుకి మూడేసి రోజుల గడువిచ్చే మ్యాచ్‌లు చెస్ డాట్ కామ్‌లో ఉన్నాయి. ఫోన్ ఛార్జింగ్ సాయంత్రానికి దొరికినా ఫరవాలేదు. వేగంగా ఆడాలన్న సరదా పోతుందంటారా, పోతుంది. ఆ సరదా కావాలనుకుని శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు అరీనాలోనే దిగితే, నిర్వాహకుణ్ణి ముందుగా అడగాల్సింది గడువు గురించి కాదు, ఎంతమంది పాయింట్లు కలుపుతారని. పదిమందివి అంటే ఆరుగురి జట్టుకి నాలుగు చోట్ల సున్నాలు ఆట మొదలవకముందే పడ్డట్టు. ముగ్గురివి అంటే బొబ్బిలి నుంచి నలుగురే వచ్చినా పోటీలో ఉన్నట్టే.