శ్వాసపరీక్ష - మాతృభాష

జ్వరమును కొలుచుటకు థర్మామీటరున్నట్లే ఊపిరిని కొలుచుటకును ఒక సాధనము కలదు. దానిని స్పైరోమీటరందురు. ఆంగ్ల వైద్యుడు జాన్ హచిన్సన్ 1846లో దీనిని గూర్చిన తన పరిశోధనను ప్రకటించెను. ఆయన రెండువేల మందికి పైగా పరీక్షించి, మనుష్యుడు ఊదగల గాలి ఎత్తును బట్టి హెచ్చుననియు, రోగము వలన తగ్గుననియు నిరూపించెను.

ఆరోగ్యవంతుడైన పురుషుడు ఊరక కూర్చున్నప్పుడు ఒక్కొక్క ఉచ్ఛ్వాసమున సుమారు అరలీటరు గాలిని పీల్చును. అటుపై యత్నించినచో మఱి 3 లీటర్ల వఱకు పీల్చగలడు. సహజ నిశ్వాసము ముగిసిన పిదప బలముగా ఊదినచో ఇంకొక లీటరుకు పైగా వెలువడును. ఈ మూడును కలిసి సుమారు 4.6 లీటర్లు. దీనికి హచిన్సన్ పెట్టిన పేరు 'వైటల్ కెపాసిటీ'; మనము శ్వాసశక్తి యనవచ్చును. ఎంత ఊదినను లోపల 1.2 లీటర్ల గాలి మిగిలియే యుండును. ఈ అవశేషవాయువు బయటికి రాదు గనుక స్పైరోమీటరునకు అందదు; దానికి వేఱు పరీక్షలు కలవు. స్త్రీలలో ఈ కొలతలు కొంత తక్కువగా నుండును.

ఎంత గాలి వచ్చెనన్నది మాత్రమే చాలదు. ఎంత వేగముగా వచ్చెనన్నదియు ముఖ్యము. బలముగా ఊదిన మొత్తము గాలిలో తొలి సెకండులో వెడలిన భాగమును లెక్కింతురు. శ్వాసనాళములు విప్పారుటకు మందిచ్చిన పిదప కూడ అది నూటికి 70 కంటె తక్కువైనచో, గాలిదారులు శాశ్వతముగా ఇఱుకైనవని వైద్యులు సాధారణముగా అనుమానింతురు. మందుతో బాగుగా మెఱుగుపడినచో ఉబ్బసమేమోయని యోచింతురు. నిష్పత్తి సరిగా నుండియు మొత్తము గాలియే తగ్గినచో, ఊపిరితిత్తులు తగినంత వ్యాకోచించుట లేదేమోయని మఱికొన్ని పరీక్షలు చేయింతురు. ఫలితమును వయస్సు, ఎత్తు, స్త్రీపురుష భేదములను బట్టి సరిపోల్చవలెను.

ఇది మనకు దూరపు విషయము కాదు. షోలాపురము, భివండీలలో తరతరములుగా మగ్గములను నమ్ముకొన్న పద్మశాలి కుటుంబములెన్నో కలవు. షోలాపురమున మన స్త్రీలనేకులు బీడీలు చుట్టి బ్రదుకుచున్నారు. ప్రత్తిని ఏకి నూలు వడకు చోట్ల ధూళి వలన 'బిస్సినోసిస్' అను వ్యాధి కలుగును. సెలవు గడచి పనిలో చేరిన తొలిదినమున ఱొమ్ము బిగియుట దాని గుఱుతు. ఏండ్ల తరబడి ఆ ధూళిలోనే యున్నచో నష్టము శాశ్వతము కావచ్చును. పొగాకు ధూళి, కట్టెపొయ్యి పొగ, ధూమపానము కూడ ఊపిరికి చేటు. ఆయాసము మెల్లమెల్లగా వచ్చును గనుక మనవారు దానిని ముసలితనమని సరిపెట్టుకొందురు. పరీక్ష ఆ భేదమును తెలుపగలదు.

అయితే ఈ పరీక్షకొక విశేషము కలదు. రక్తపరీక్షలో రోగి చేయి చాచిన చాలును; ఇందు రోగియే పని చేయవలెను. ముక్కునకు క్లిప్పు పెట్టుకొని, ఱొమ్ము నిండ గాలి పీల్చి, గొట్టము చుట్టును పెదవులు బిగించి, ఒక్క పెట్టున ఊది, ఊపిరి ముగియువఱకు ఆపక ఊదవలెను. సరియైన ప్రయత్నములు మూడైనను ఉండవలెను. వానిలో పెద్దవి రెండును 150 మిల్లీలీటర్లకు మించి భేదింపరాదు.

మాట అర్థము కానిచో ఏమగును? సగము పీల్చి ఊదినచో ఆరోగ్యవంతుని ఊపిరితిత్తులు కుంచించుకొన్నట్లు తోచును. మధ్యలో ఆపినచో మొత్తము తగ్గి, తొలి సెకండు భాగము హెచ్చుగా కనబడి, ఉన్న రోగము మఱుగుపడును. యంత్రము సరిగానే యున్నను అంకె అబద్ధమాడును.

కావున మన సంఘములు ఆసుపత్రులకు తెలుగు సూచనల పత్రమొకటి సమకూర్చుట మేలు. అది ఈ వ్యాసపు భాషలో గాక ఇంటిమాటలో నుండవలెను: "నిండుగ గాలి పీల్చు. గట్టిగ ఊదు. ఊదు, ఇంక ఊదు, ఆపకు." ఇంట తెలుగు మాటలాడియు తెలుగు లిపి నెఱుగనివారు మనలో పలువురు గనుక, ప్రక్కన నిలిచి చెప్పు బంధువొకరుండుట ఇంకను మంచిది. ఇటీవల గుండెపోటు గాని, కంటి శస్త్రచికిత్స గాని జరిగియున్నచో ఆ సంగతి ముందే వైద్యునకు తెలుపవలెను.

మాతృభాష బడికిని పండుగకును మాత్రమే పరిమితమను వారు కలరు. ఊపిరి నిజమైన కొలత తేలుటకు సైతము అది ఆవశ్యకము.