నీటి వసతి కింద జొన్న: మొక్కల ఎడం, దిగుబడి



చేలో ఎన్ని ఎక్కువ మొక్కలుంటే అంత ఎక్కువ పంట వస్తుందా? నీటి వసతి గల జొన్న పైరును ఉదాహరణగా తీసుకొని ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా ఒక లెక్క చూద్దాం. గింజ కోసం వేసే జొన్నకు సాధారణంగా వరుసల మధ్య 45 సెం.మీ., వరుసలో మొక్కల మధ్య 12 నుంచి 15 సెం.మీ. ఎడం ఉంచుతారు. 15 సెం.మీ. ఎడం ఉంటే హెక్టారుకు సుమారు 1.48 లక్షల మొక్కలు పడతాయి. దానిని 12 సెం.మీ.కు తగ్గిస్తే ఈ సంఖ్య 1.85 లక్షలకు చేరుతుంది.

గింజ దిగుబడి మూడు అంశాల లబ్ధం. అవి చదరపు మీటరులోని కంకుల సంఖ్య, కంకికి గింజల సంఖ్య, ఒక్కో గింజ బరువు. మొక్కలు పెరిగితే కంకులు పెరుగుతాయి. అయితే ఒక్కో మొక్కకు అందే వెలుతురు, నీరు, పోషకాలు తగ్గి కంకి చిన్నదవుతుంది. మొదట్లో లాభమే ఎక్కువ. కొంత దూరం వెళ్ళాక లాభనష్టాలు సరిసమానమవుతాయి. ఇంకా ఒత్తైతే కాండం సన్నబడి, గాలికి పైరు పడిపోయి దిగుబడి తగ్గుతుంది. మరీ పలచనైతే మొక్క పిలకలు వేసి, కంకిని పెంచుకొని లోటును కొంత పూడ్చుకుంటుంది కాని, ఖాళీ నేలపై పడిన ఎండ కలుపు పాలవుతుంది.

మరి నీటి పాత్ర ఏమిటి? వర్షాధార చేలో కొరత నీటిది. మొక్కలు ఒత్తుగా ఉంటే గింజ పాలు పోసుకునే వేళకు నేలలోని తేమ అయిపోతుంది. అందువల్ల అక్కడ పలచన పైరే క్షేమం. నీరు, ఎరువు సకాలంలో అందే చేలో ఆ హద్దు తొలగి, వెలుతురు హద్దు అవుతుంది. కాబట్టి అక్కడ మొక్కలను కొంత దగ్గరగా పెంచవచ్చు.

పంట దేనికోసం అన్నదీ ముఖ్యమే. ఢిల్లీ చుట్టుపక్కల హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ పల్లెల్లో జొన్నను ఎక్కువగా పశుగ్రాసానికి వేస్తారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇందుకోసం ‘పూసా చరి’ రకాలను రూపొందించింది. పశుగ్రాసానికి వరుసల మధ్య 25 నుంచి 30 సెం.మీ. చాలు. ఇక్కడ కంకితో పని లేదు, మొత్తం పచ్చిమేతే దిగుబడి. కాండం సన్నగా ఉంటే పశువులు వృథా చేయకుండా తింటాయి. గింజ పంటకు లోపమైనది మేతకు గుణమైంది!

అభ్యాసం: మీ దగ్గరలోని జొన్న చేలో నాలుగైదు చోట్ల చదరపు మీటరు చొప్పున కొలిచి మొక్కలను లెక్కించండి. గింజ పంటలో సగటున 15 నుంచి 18 ఉంటే పైరు సరైన సాంద్రతలో ఉన్నట్లే.