వైద్యవ్యాసములందు డిజిటల్ ఆకరముల నిర్దేశము

ప్రాచీనకావ్యమును పరిష్కరించు పండితుడు పద్యమొకటి యుదాహరించునపుడు కావ్యనామము మాత్రము చెప్పి యూరకుండడు. ఏ భాండాగారమునందలి తాళపత్రప్రతియందు, ఎన్నవ పత్రమున, ఏ పాఠము చూపట్టెనో తెలిపిననే యా యుదాహరణము ప్రమాణమగును. ప్రతులు మాఱినకొలది పాఠములు మాఱుటయే యిందులకు హేతువు. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట నీ చింత కొంత తగ్గెను. డిజిటల్ గ్రంథములు వచ్చిన పిదప నది మరల తలయెత్తినది; వైద్యశాస్త్రమున మఱింత తీవ్రమైనది.

1978వ సంవత్సరమున కొందఱు వైద్యపత్రికా సంపాదకులు కెనడా దేశపు వాంకూవర్ నగరమున సమావేశమై, తమ పత్రికలకు వచ్చు వ్యాసముల కేకరూపమైన నియమములను గూర్చిరి. అవి 1979లో ప్రకటితములయ్యెను. ఆకరములను ప్రస్తావక్రమమున సంఖ్యలచే సూచించి తుదిపట్టికయందు వివరించుట యీ పద్ధతి లక్షణము. ముద్రితపత్రికకు సంపుటము, సంవత్సరము, పుటసంఖ్య చాలును. ఇంటర్నెట్టున కవి చాలవు. అమెరికా జాతీయ వైద్యగ్రంథాలయము 2007లో వెలువరించిన ‘సైటింగ్ మెడిసిన్’ ద్వితీయముద్రణమున వెబ్‌సైటులు, డేటాబేసులు, వీడియోలు మున్నగువానిని నిర్దేశించు విధము విపులముగా జెప్పబడినది. ప్రకటించిన తేదీ, సవరించిన తేదీ, వ్యాసకర్త స్వయముగా చూచిన తేదీ అని యందు మూడు తేదీల ప్రసక్తి గలదు. మూడవదానిని చాదస్తముగా నెంచువారు లేకపోలేదు. ఆ తేదీ యేల కావలెనో యీ క్రింది విషయము తెలుపగలదు.

2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ తన కోవిడ్ చికిత్సా మార్గదర్శకమున, ఆస్పత్రియందున్న రోగులకు రెమ్‌డెసివిర్ వాడవలదని షరతుతో గూడిన సూచన చేసెను. 2022 ఏప్రిలులో, వ్యాధి తీవ్రము గాకున్నను ఆస్పత్రి పాలగు ప్రమాద మధికముగా గలవారికి దానిని వాడవచ్చునని సూచించెను. ఆ యేడు సెప్టెంబరులో తీవ్రవ్యాధిగ్రస్తులకును వాడవచ్చునని షరతుతోనే చెప్పెను. ఇందు తప్పు లేదు; క్రొత్తపరీక్షల ఫలితములు వచ్చినకొలది మతము మాఱినది. చిక్కంతయు నాకరనిర్దేశమున గలదు. ఈ మార్గదర్శకమే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌యందు సవరణ వెంబడి సవరణగా నొకే డీఓఐ క్రింద వెలువడినది. డీఓఐ యనగా, పత్ర మే చిరునామకు తరలినను దానిని వదలని స్థిరసంఖ్య. అది పత్రమున్న తావును జూపును గాని, యందలి పాఠము మాఱలేదని పూటపడదు. శీర్షికను, డీఓఐను మాత్రమిచ్చిన వ్యాసకర్త వాడుమనుటకును వలదనుటకును ఒక్క యాకరమునే చూపినవాడగును. ఎన్నవ సవరణమో తెలియక యీ వైద్యుడు రోగి కేమి చేయవలెను?

పాఠము మాఱుట యొకటి, ఆకరమే మాయమగుట మఱియొకటి. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్, జామా, సైన్స్ అను మూడు పత్రికలలోని ఇంటర్నెట్టు ఆకరములను పరీక్షించిన వ్యాసమొకటి 2003లో వెలువడెను. ప్రకటనానంతరము 3 నెలలకు నూటికి 3.8, 15 నెలలకు 10, 27 నెలలకు 13 చొప్పున నాకరములు దొరకకపోయెనని యందు తేలినది. చూచిననాడే పత్రమునకు ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి భాండాగారమున నొక ప్రతిని నిలిపి, యా చిరునామను గూడ జేర్చుట దీనికి మందు. లేఖకుడు శిథిలపత్రమును జూచి క్రొత్త ఆకులపై వ్రాసికొన్న తెఱగే యిది.

చలనచిత్రముల కీ ప్రతిభేదపు చిక్కు క్రొత్తది కాదు. పారిస్ నగరపు శస్త్రవైద్యుడు డోయెన్ 1898 నుండి తన చికిత్సలను చిత్రములుగా దీయించెను. ఒడిశాలో జన్మించిన అవిభక్తకవలలను 1902లో వేఱుచేసిన చికిత్స వానిలో నొకటి. ఛాయాగ్రాహకులలో నొకడు అనుమతి లేక చిత్రప్రతుల నమ్ముకొనగా వివాదము న్యాయస్థానమున కెక్కి, 1905లో డోయెన్ పక్షమున తీర్పు వచ్చెను. అట్టి చిత్రము నుదాహరించువాడు ఎవరి ప్రతిని జూచెనో చెప్పక తీరదు. నేటి వీడియోకును అంతియే: తయారుచేసినవారి పేరు, మాధ్యమము, మొత్తము నిడివి, చూచిన తేదీ కావలెను. పుటసంఖ్యకు బదులు నిమిషములను, సెకండ్లను గూడ నీయవలెను. నలుబది నిమిషముల శస్త్రచికిత్సా వీడియోలో రక్తనాళమును ముడివేసిన విధము పదునేడవ నిమిషమున నున్నచో, ఆ సంఖ్య నీయక వీడియో పేరు మాత్రము వ్రాయుట, శ్లోక మేదియని యడిగినవానికి భారతమున గలదని బదులిచ్చుటయే.