కేంద్రకమునకు కావలి

ఉల్లిగడ్డ రేకునుండి పలుచని పొరను ఒలిచి, దానిపై ఒక బొట్టు అయొడిన్ ద్రావణము వేసి, సూక్ష్మదర్శినిలో ఎప్పుడైన చూచితిరా? ఇటుకలు పేర్చినట్లు కణములు వరుసలు తీరియుండును. ఒక్కొక్క కణములో గుండ్రని చుక్క యొకటి కానవచ్చును. ఆ చుక్కయే కేంద్రకము. 1831లో రాబర్టు బ్రౌను అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్కిడు మొక్కల కణములను పరిశీలించుచు దానికా పేరు పెట్టెను. జీవి రూపమును, గుణములను నిర్ణయించు డి.ఎన్.ఏ. అను పదార్థము దాదాపు అంతయు అందులోనే యుండును.

ఆ చుక్క చుట్టును సన్నని అంచు గలదు. చాలకాలము వఱకు అది శాస్త్రజ్ఞులకు సైతము ఒక గీతవలెనే కనబడెను. 1950లో కాలన్, టామ్లిన్ అను ఇరువురు కప్పజాతి జంతువుల అండకణములను తీసికొని, వాని కేంద్రకపు పొరను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరీక్షించిరి. ఆ అండకణములను ఎన్నుకొనుటకు కారణము లేకపోలేదు. వాని కేంద్రకములు వట్టి కంటికి అగపడునంత పెద్దవి. చేతితో వెలికి తీయుటకు వీలైనవి. పరీక్షలో వింత విషయము తేలినది. గీత యనుకొన్నది జంటపొర. పైగా దానినిండ రంధ్రములు!

ఈ జంటపొరకే కేంద్రక త్వచమని పేరు. ఒక్కొక్క పొర మందము ఏడెనిమిది నానోమీటర్లు. రెంటి నడుమ ఎడము 20 నుండి 40 నానోమీటర్లు. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. ఇట్టి జంటపొరలు సుమారు రెండువేలు దొంతిగా పేర్చిననే గాని మీ పుస్తకములోని ఒక్క కాగితపు మందము కాదు. వెలుపలి పొర, కణద్రవ్యములో వ్యాపించియున్న త్వచముల జాలముతో కలిసిపోయి యుండును. లోపలి పొరకు ఆనుకొని లామిన్లు అను మాంసకృత్తులు నులకమంచపు అల్లికవలె అల్లుకొని యుండును. కేంద్రకమునకు బిగువు నిచ్చునది ఆ అల్లికయే. దీనిని రెండు ప్రాకారముల కోటతో పోల్చుట కలదు. కాని ఆ పోలిక కొంతవఱకే చెల్లును. కోటగోడలు వేఱువేఱుగా నిలుచును. ఇచ్చటనో ప్రతి రంధ్రము అంచున రెండు పొరలును ఒకదానితో నొకటి అతుకుకొని యుండును.

ఇంత కట్టుదిట్టము దేనికి? బాక్టీరియాలకు కేంద్రకము లేదు. అయినను అవి సుఖముగానే బ్రదుకుచున్నవి. వానిలో డి.ఎన్.ఏ.నుండి ఆర్.ఎన్.ఏ. అను నకలు తయారగుచుండగనే, రైబోజోములు దానిని పట్టుకొని మాంసకృత్తులను నిర్మింప మొదలిడును. మన కణములలో ఆ తొందర పనికిరాదు. మన నకళ్ళలో మాంసకృత్తుకు అక్కఱలేని భాగములు నడుమ నడుమ వచ్చును. వానిని కత్తిరించి, మిగిలినవానిని అతికిన పిమ్మటనే నకలు చదువదగినదగును. తాళపత్ర గ్రంథముల భాండాగారమును తలచుకొనుడు. మూలప్రతిని గడప దాటనీయరు. లేఖకుడు లోపలనే కూర్చుండి ప్రతి వ్రాసి, సరిదిద్దిన తరువాతనే వెలుపలికి పంపును. ఆ సరిదిద్దుటకు కావలసిన వ్యవధి నిచ్చుటయే ఈ గోడ చేయు గొప్ప ఉపకారమని నాకు తోచుచున్నది.

ఇక గుమ్మముల సంగతి. మానవుని ఒక కణములో ఇట్టి రంధ్రములు కొన్నివేలు. కప్ప అండకణములో కోట్లకొలది. ఒక్కొక్కటి సుమారు ముప్పది రకముల మాంసకృత్తులతో, అష్టదళ పద్మమువలె ఎనిమిది భాగములుగా నిర్మింపబడినది. నడిమి మార్గములో దారములవంటి మాంసకృత్తులు చిక్కుపడి యుండును. ఉప్పు, చక్కెర వంటి చిన్న అణువులు ఆ చిక్కులో దూరిపోగలవు. పెద్దవానికి అనుమతి చీటి కావలెను. ఆ చీటి మాంసకృత్తు శరీరములోనే ఒక భాగమని 1982లో ఋజువైనది. కప్పగ్రుడ్లలోని న్యూక్లియోప్లాస్మిన్ అను మాంసకృత్తునకు ఒక తోక గలదు. తోక తెంచిన మొండెము కేంద్రకములోనికి పోజాలక బయటనే నిలిచినది; తెగిన తోకయో, ఒంటరిగానే లోపలికి పోయినది! 1984లో ఆ మాంసకృత్తును సూక్ష్మమైన బంగారు రేణువులకు పూసి కణములో ప్రవేశపెట్టిరి. అవి రంధ్రముల నడుమనుండి పోవుచుండగా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కంటబడినవి. ఆ విధముగా త్రోవ యేదో నిశ్చయమైనది.

కణము రెండుగా చీలునప్పుడు ఈ గోడ కూలిపోవును. లామిన్లకు ఫాస్ఫేటు తగులుకొని అల్లిక విడిపోవును. క్రోమోజోములు ఇరువైపులకు చేరిన తరువాత రెండు క్రొత్త గోడలు లేచును. రొట్టెను పొంగించు ఈస్టు మాత్రము గోడను కూల్చకయే విభజన ముగించుకొనును.

ఈ అల్లిక చెడినచో ఏమగును? ప్రొజీరియా యను మిక్కిలి అరుదైన వ్యాధి గలదు. అది సోకిన శిశువు పుట్టినపుడు అందఱు పిల్లలవలెనే యుండును. మొదటి యేడు గడచునప్పటికి ఎదుగుదల తగ్గును, తల వెండ్రుకలు రాలును, చర్మము పలుచబడును, పసితనముననే రక్తనాళములు వృద్ధులకువలె గట్టిపడును. చికిత్స లేనిచో వారి ఆయుర్దాయము సగటున పదునాలుగేండ్లు. తెలివితేటలకు మాత్రము ఏ లోపమును ఉండదు. కావున తమ స్థితి వారికి తెలియుచునే యుండును. లామిన్‌ను నిర్మించు జన్యువులో ఒకే యొక అక్షరము మాఱుట దీనికి హేతువని 2003లో కనుగొనిరి. ఆ పిల్లల కేంద్రకములను చూచినచో, అవి గుండ్రముగా నుండక ముడుతలు పడి, బుడిపెలు తేలి కనబడును. 2020లో అమెరికాలో లోనాఫార్నిబ్ అను ఔషధమునకు అనుమతి లభించినది. అది ఆయువును కొంత పెంచుచున్నదే గాని వ్యాధిని కుదుర్చుట లేదు.

అట్టి చెడిన లామినే కొద్దిపాటిగా ఆరోగ్యవంతుల కణములలోను పుట్టుచున్నదని 2006లో తెలియవచ్చినది. అందఱికిని వచ్చు ముసలితనములో దాని పాలు ఎంతయో శాస్త్రజ్ఞులు ఇంకను పరిశోధించుచున్నారు.