మెదడు గాయంపై ప్రయోగం.. కొలత తప్పితే మందూ తప్పుదారే

రోడ్డు ప్రమాదంలో తలకు బలమైన దెబ్బ తగిలిన క్షణంలోనే మెదడులో కొన్ని కణాలు చనిపోతాయి. నష్టం అక్కడితో ఆగదు. తర్వాతి గంటలు, రోజుల్లో మరెన్నో కణాలు నశిస్తాయి. ఈ రెండో దశను నిలువరించగలదని నిరూపితమైన మందు నేటికీ వైద్యుల చేతికి అందలేదు. ప్రయోగశాలల్లో ఆశలు రేపిన మందులు రోగుల వద్దకు వచ్చేసరికి విఫలమవుతున్నాయి. ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఇందుకు ఉదాహరణ. జంతువుల్లో మేలు చేసిన ఈ హార్మోన్ వల్ల రోగులకు ప్రయోజనం లేదని, రెండు వేల మందికి పైగా పాల్గొన్న రెండు పరిశోధనల ద్వారా 2014లో తేలింది. ఇటువంటి వైఫల్యాలకు కారణాలు అనేకం. ప్రయోగశాల నమూనాలు ఒక్కోసారి ఒక్కో ఫలితం ఇవ్వడం వాటిలో ఒకటి.

పాత్రలో సజీవంగా..

జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ భాగాన్ని ఎలుక పిల్లల మెదడు నుంచి సేకరించి, సుమారు 0.4 మిల్లీమీటర్ల మందంతో ముక్కలుగా కోస్తారు. సూక్ష్మ రంధ్రాలున్న పొరపై ఉంచి, కింద పోషక ద్రవం, పైన గాలి అందేలా చూస్తే అవి వారాల తరబడి బతుకుతాయి. 1991లో స్టొప్పిని బృందం ప్రకటించిన పద్ధతి ఇది. గాయాన్ని అధ్యయనం చేసే ప్రయోగాల్లో ముక్కలను సాగే పొరపై పెంచి, ఆ పొరను రెప్పపాటులో లాగుతారు. పైపొర దెబ్బతిన్న కణాల్లోకి మాత్రమే ప్రవేశించే ప్రొపీడియం అయొడైడ్ అనే రంగు ఎంతమేర ఎర్రగా మెరిసిందో చూసి నష్టాన్ని లెక్కగడతారు.

తేడా ఎక్కడ?

యంత్రాన్ని 20 శాతం సాగదీసేలా అమర్చినంత మాత్రాన ప్రతి ముక్కా అంతే సాగదు. పొరకు సరిగా అంటుకోనిది జారిపోయి తక్కువ దెబ్బ తింటుంది. కోతలోనే నలిగిన ముక్కలో గాయానికి ముందే మృతకణాలుంటాయి. ఉష్ణోగ్రత తగ్గినా కణాల మరణం తగ్గుతుంది. తక్కువ దెబ్బ తిన్న ముక్కలే మందు వేసిన పాత్రల్లోకి చేరితే, పనిచేయని మందు కూడా సంజీవనిలా కనిపిస్తుంది.

పాటించాల్సినవి

* ప్రతి ముక్క వాస్తవంగా ఎంత సాగిందో అతివేగ కెమెరాతో కొలవాలి.
* గాయానికి ముందే చిత్రం తీసి, అప్పటికే దెబ్బతిన్న వాటిని తొలగించాలి.
* సాగదీయడం మినహా అన్ని దశలూ దాటిన ముక్కలను పోలిక కోసం ఉంచాలి.
* ఏ ముక్కకు మందు వేయాలో లాటరీ పద్ధతిన నిర్ణయించాలి. ఫలితం లెక్కించే వారికి ఆ వివరం తెలియనీయరాదు.
* లెక్కకు తీసుకోవాల్సింది జంతువులనే కాని ముక్కలను కాదు. ఒకే ఎలుక పిల్ల నుంచి తీసిన పది ముక్కలు పదిమంది సాక్షులు కావు. ఒకే సాక్షి పదిసార్లు చెప్పిన మాటతో సమానం.

మానవ కణాలతోనూ..

మానవ మూలకణాల నుంచి చిన్నపాటి మెదడు కణజాలాన్ని పెంచే విధానాన్ని 2013లో వియన్నా శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఆర్గనాయిడ్లుగా పిలిచే ఈ ముద్దలను అల్ట్రాసౌండ్ తరంగాలతో గాయపరిచి, నష్టాన్ని తగ్గించే మార్గాన్ని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ప్రచురించారు. ఎలుకకు, మనిషికి మధ్య ఉన్న అంతరాన్ని ఇవి కొంత పూడుస్తాయి. అయితే సాధారణంగా వీటిలో రక్తనాళాలుండవు. ఒకే విడతలో పెంచినా ఒకదానికొకటి పోలవు. అందువల్ల పై జాగ్రత్తలు వీటికీ తప్పనిసరి.

ప్రయోగశాలలో జరిగే చిన్న పొరపాటు ఏళ్ల శ్రమను, రోగుల కుటుంబాల ఆశను వమ్ము చేస్తుంది. నమ్మదగిన నమూనా ఉంటేనే నమ్మదగిన మందు లభిస్తుంది. అప్పటివరకు ద్విచక్ర వాహనదారుల తలకు హెల్మెట్టే రక్ష.